గుప్పెడు బియ్యంతో మొదలైన పత్రిక



సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో సొలొమోను రాజు దూరం నుండి వచ్చే మంచి కబురును దప్పిక తీర్చే చల్లని నీళ్లతో పోల్చాడు. ఆ పోలికను మన సీమవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టి కూర్చున్నవాళ్లం మనం. నీళ్ల కోసం అంత ఎదురుచూసే మనం మంచి కబురు కోసం అలా ఎదురుచూస్తున్నామా? వచ్చిన కబురు మంచిదో, మురికిదో చూసుకునే తాగుతున్నామా?

ఈ వారం ధ్యానానికి ఒక పత్రిక చరిత్రను తీసుకున్నాం. అది మన సంఘాల పత్రిక కాదు, కథోలిక సహోదరులది. మన భాష కూడా కాదు, మలయాళం. దాని పేరు దీపిక. మనకెందుకులే అనుకోవద్దు ప్రియులారా. మన కడప, కర్నూలు ఆసుపత్రుల్లో నర్సమ్మలుగా, కాన్వెంటు బడుల్లో సిస్టర్లుగా ఎందరో కేరళ ఆడబిడ్డలు పనిచేశారు, చేస్తున్నారు. వాళ్లు పుట్టి పెరిగిన ఊళ్లలో తెల్లవారగానే గడప ముందు పడే పత్రికల్లో అది ఒకటి. 1887లో మొదలై ఈనాటికీ వస్తోంది. మన తెలుగులో సంఘాల పత్రికలు నెలకొకటి వస్తాయి గానీ, సంఘం నడిపే దినపత్రికను మేము చూడలేదు. అయితే తెలుగులో మొట్టమొదటి పత్రికగా చెప్పేది క్రైస్తవులు తెచ్చినదే. అదీ మన పొరుగునే పుట్టింది. ఇక్కడ ముందుగా వెలిగిన దీపం ఎందుకు నిలవలేదు, అక్కడ వెనుక వెలిగింది ఎందుకు నిలిచింది? ఈ ప్రశ్న మన సంఘానికి చాలా అవసరమైనది.

మన పొరుగున పుట్టిన సత్యదూత

1800లో నిజాము నవాబు ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దీనికి దత్తమండలాలు అని పేరు వచ్చింది. రాయలసీమ అన్న పేరు చాలా తర్వాతది. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు పెట్టారు. అంతకు ముందు బళ్లారి, కడప, అనంతపురం అన్నీ ఒకే మాటలో దత్తమండలాలే. బళ్లారి మనకు పరాయి ఊరేమీ కాదు. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా మన పెద్దలు అక్కడికి బండ్లు కట్టుకుని సంతకు పోయినట్టే పోయేవారు.

లండన్ మిషన్ వారు 1810లో బళ్లారికి వచ్చారు. 1822లో కడపలో పని మొదలుపెట్టారు. ఆ బళ్లారి నుండే 1835లో క్రైస్తవులు ఒక మాసపత్రిక తెచ్చారు. దాని పేరు సత్యదూత. తెలుగులో మొదటి పత్రిక అదేనని పత్రికల చరిత్ర రాసినవారిలో చాలామంది చెబుతారు. ఎంత మంచి పేరు పెట్టారో చూడండి. సత్యాన్ని మోసుకొచ్చే దూత. ఆ పేరులో సువార్త కూడా ఉంది, వార్త కూడా ఉంది.

కానీ ఆ దూత ఎవరి ఇంటి తలుపు తట్టాలి? 1835లో మన పల్లెల్లో అక్షరం వచ్చినవాళ్లు ఎవరు? కరణం, పూజారి, శెట్టి, మరికొందరు. మన తాతల తాతలు ఊరి బయట గేరిలో ఉన్నారు. వాళ్లకు పలక పట్టుకునే హక్కే లేదు. దూత వచ్చినా చదివి వినిపించే గొంతు ఆ గేరిలో లేదు. కాగితం మీద సత్యం ఉంది. దాన్ని అందుకునే చేతులు మాత్రం ఇంకా తయారు కాలేదు.

పత్రిక లేనివాడి ఆకలి

నలభై ఏండ్ల తర్వాత దాని వెల ఎంతో తెలిసింది. 1876, ధాత నామ సంవత్సరం. వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. మన అవ్వలు చెప్పే ధాత కరువు అదే. మద్రాసు రాజధానిలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి. లక్షలమంది చనిపోయారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి కరువు పనుల్లో కూలి తగ్గించాడు. రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దానితో కొద్దిపాటి డబ్బు. పౌను అంటే అర కేజీకి కూడా తక్కువ. ఇంత తిని మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖలో ఉన్న డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. తర్వాత ఆ కూలి పెంచారు.

అప్పుడు మద్రాసులో విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు ఉన్నాడు. మద్రాస్ టైమ్స్ పత్రిక ఆయనది. ఈ కరువు సంగతులు ఆయన రాశాడు, పోగుచేశాడు, కరువు సహాయ సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. 1877 ఆగస్టులో మద్రాసు నుండి వెళ్లిన విన్నపం మీద లండన్ నగర మేయరు విరాళాల నిధి తెరిచాడు. ముఖం కూడా చూడని మన పెద్దల కోసం సముద్రం అవతలి జనం డబ్బు పంపారు. ఒక కబురు గంజి కేంద్రంగా మారింది. సొలొమోను చెప్పిన చల్లని నీళ్లు అవే.

దేవునికి స్తోత్రం. అయినా ఒక్కటి గమనించండి. మన ఆకలిని గురించి రాసింది ఇంగ్లీషులో, రాసినవాడు ఇంగ్లీషువాడు, చదివింది ఇంగ్లీషువాళ్లు. కడుపు మాడినవాడు తన నోటితో ఒక్క వాక్యం చెప్పుకోలేదు. పత్రిక లేని జనం ఆకలి కూడా ఎవరైనా దయతలచి రాస్తేనే లోకానికి తెలుస్తుంది.

కేరళలో ముందు చేసిన పని

ఇప్పుడు కేరళకు వెళ్దాం. కొట్టాయం దగ్గర మన్నానం అనే చోట 1831లో కథోలిక గురువులు కొందరు ఒక మఠం మొదలుపెట్టారు. వారిలో కురియాకోస్ ఎలియాస్ చావరా ఒకరు. 2014 నవంబరు 23న పోపు ఫ్రాన్సిస్ వీరిని పునీతులుగా ప్రకటించారు. ప్రజలకు ప్రార్థన పుస్తకాలు తమ భాషలో అందాలని చావరా గారికి కోరిక. కొట్టాయంలో 1821లోనే బెంజమిన్ బెయిలీ అనే ప్రొటెస్టెంటు మిషనరీ అచ్చుకూటం పెట్టాడు. తిరువనంతపురంలో సర్కారు అచ్చుకూటం ఉంది. కథోలికులకు మాత్రం తమదంటూ లేదు.

యంత్రం ఎలా ఉంటుందో చూసి వచ్చి చావరా గారు అరటి బోదెతో నమూనా చేసి చూపించారని, దాన్ని చూసి వడ్రంగి కొయ్యతో అచ్చు యంత్రం చేశాడని అక్కడివారు చెప్పుకుంటారు. 1846లో ఆ కొయ్య యంత్రం మీద మొదటి పుస్తకం అచ్చయింది. అది జ్ఞానపీయూషం అనే ప్రార్థన పుస్తకం.

అచ్చు యంత్రం వచ్చింది గనుక వెంటనే పత్రిక పెట్టి ఉంటారని మనం అనుకుంటాం. పెట్టలేదు. పత్రిక రావడానికి ఇంకా 41 ఏండ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో జరిగినదే మనం నేర్చుకోవలసిన పాఠం.

అదే 1846లో మన్నానంలో చావరా గారు సంస్కృత పాఠశాల పెట్టారు. దగ్గరలో ఉన్న ఆర్పూకరలో, ఊరు దూరం పెట్టిన పులయ కులం పిల్లలకు బడి పెట్టారు. 1864లో సురియాని కథోలికులకు వికార్ జనరల్‌గా ఉండి, ప్రతి గుడి పక్కన ఒక బడి ఉండాలని ఉత్తరువు పంపారు. పెట్టని గుడిని ఊరికే వదలబోమని కూడా చెప్పారు. గుడి, బడి ఒకే ప్రాకారంలో ఉండాలన్నది వారి పట్టుదల.

బడి అయితే పెట్టారు. ఆకలితో వచ్చే పిల్లవాడు అక్షరం ఎలా దిద్దుతాడు? దానికి వారు కనిపెట్టిన దారి మన తల్లులందరికీ తెలిసినదే. ప్రతి ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టాలి. దానిని మలయాళంలో పిడియరి అంటారు. పిడి అంటే పిడికిలి, అరి అంటే బియ్యం. ఆ బియ్యం గుడికి చేరితే పేద పిల్లలకు మధ్యాహ్నం అన్నమయ్యేది.

మన సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక అంటే తెలియని ఇల్లు లేదు. మన అవ్వలు కూడా కుండలో పోసే ముందు గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేసేవారు. సారెపతు విధవరాలి తొట్టిలో మిగిలింది కూడా పట్టెడు పిండే. ఆమె ముందు ఏలీయాకు పెట్టింది, ఆ తర్వాత తొట్టి తరగలేదు. కేరళ తల్లుల గుప్పెడు బియ్యం తిన్న పిల్లలు చదువు నేర్చుకున్నారు. ఆ పిల్లలు పెద్దవారై పాఠకులయ్యారు. పాఠకులు తయారయ్యాకే పత్రిక నిలబడింది. చావరా గారు ఆ పత్రికను చూడలేదు. 1871 జనవరి 3న ప్రభువునందు నిద్రించారు. ఒకరు విత్తుతారు, ఒకరు కోస్తారు అని మన ప్రభువు చెప్పింది ఇదే.

నస్రాణి దీపిక

1887 ఏప్రిల్ 15న మన్నానం అచ్చుకూటం నుండి నస్రాణి దీపిక మొదటి సంచిక వచ్చింది. నస్రాణి అంటే నజరేయుడైన యేసును వెంబడించేవారు. సంపాదకుడు నిధీరిక్కల్ మాణి కత్తనార్. కత్తనార్ అంటే సురియాని క్రైస్తవ గురువు. ఆయనకు ఒక భారం ఉండేది. తోమా క్రైస్తవులు కథోలికులని, యాకోబైటులని రెండుగా చీలి ఒకరి ముఖం ఒకరు చూడని కాలం అది. యాకోబైటుల బిషప్పు పులిక్కోట్టిల్ మార్ దివన్నాసియోస్‌తో కలిసి ఆయన క్రైస్తవుల ఐక్యత కోసం ఒక సంఘం నడిపారు. పత్రిక పుట్టింది ఆ కాలంలోనే.

వారికి ఇంకో కొరత కూడా ఉండేది. తమను పాలించే బిషప్పులు తమ ఆచారం, తమ భాష తెలియని పరదేశులు. మా వాళ్లలో నుండి మాకు కాపరులు కావాలని ఆ జనం చాలాకాలంగా రోముకు మొరపెట్టుకుంటున్నారు. 1896లో ఆ మొర ఫలించింది. ముగ్గురు స్వదేశీ బిషప్పులు వచ్చారు.

అయితే తమ సంఘం సంగతులు మాత్రమే చూసుకుని ఉంటే అది ఒక కరపత్రంగా మిగిలి ఉండేది. 1891లో తిరువాంకూరు మహారాజుకు ప్రజలు ఒక పెద్ద అర్జీ ఇచ్చారు. దానికి మలయాళీ మెమోరియల్ అని పేరు. సర్కారు పెద్ద ఉద్యోగాలు బయటి ప్రాంతం వారికే పోతున్నాయి, ఈ దేశపు బిడ్డలకు కూడా ఇవ్వండి అన్నది అందులోని విన్నపం. పదివేలమందికి పైగా సంతకాలు చేశారు. నాయర్లు, ఈళవలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఆ పనిలో ముందు నిలిచిన క్రైస్తవుల్లో మాణి కత్తనార్ ఒకరు. మా గుడి, మా గురువు అని ఊరుకోకుండా పొరుగువాడి అన్యాయం కూడా తనదే అనుకున్నాడు ఆ సంపాదకుడు. మంచి సమరయుని ఉపమానం చదివినవాడు చేయవలసిన పని అదే కదా.

పత్రిక మెల్లమెల్లగా ఎదిగింది. మొదట్లో రోజూ వచ్చేది కాదు. పుట్టిన 40 ఏండ్లకు, 1927లో దినపత్రిక అయింది. 1939లో మన్నానం నుండి కొట్టాయం పట్టణానికి మారింది, పేరు కూడా కుదించుకుని దీపిక అయింది. 1950లలో పిల్లల కోసం బాలల సంఘం పెట్టింది. మళ్లీ అదే పద్ధతి చూడండి. రేపటి పాఠకుణ్ణి ఈరోజే పెంచుకోవడం.

కష్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1989లో పత్రిక నిర్వహణ ఒక కంపెనీ కిందికి వచ్చింది. పెద్ద పెట్టుబడితో నడిచే పత్రికల మధ్య పోటీ పడలేక అప్పులు పెరిగాయి. 2000 తర్వాత కొన్ని ఏండ్లకు యాజమాన్యం సభ చేయి దాటి పోయింది. జనం నొచ్చుకున్నారు, విమర్శించారు. 2007లో సభ మళ్లీ దానిని తన చేతికి తెచ్చుకుంది. దీపం ఆరకుండా ఉండాలంటే ఎవరో ఒకరు నూనె పోస్తూనే ఉండాలి. నూనె లేని బుద్ధిలేని కన్యకల గతి మనకు తెలుసు. నూనె కోసం దీపాన్నే తాకట్టు పెట్టినా అంత ప్రమాదమే.

మన గేరిలో వెలిగిన అక్షరం

ఇక మన సంగతి. సత్యదూత తర్వాత మన సీమలో దేవుడు ఊరుకున్నాడా? లేదు. ధాత కరువు తర్వాత ఎన్నో గేరులు ప్రభువును నమ్ముకున్నాయి. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వారు, నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ వారు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు బడులు పెట్టారు. కర్నూలు కోల్స్ మెమోరియల్ బడిలో చదివిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి. ఉపదేశి పంతులుగారు పగలు పిల్లలకు, రాత్రి లాంతరు కింద కూలి పని చేసి వచ్చిన పెద్దలకు అక్షరాలు నేర్పారు. మన అవ్వలు చాలామంది బైబిలు చదవడానికే అక్షరం నేర్చుకున్నారు. కరణం గారి సంతకం తప్ప మరొకటి ఎరుగని పల్లెలో కూలి మనిషి లేఖనం చదివి వినిపించిన రోజు చిన్నదేమీ కాదు.

కథోలిక సహోదరుల వైపు కూడా చూడండి. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. మన కర్నూలు ప్రాంతంలో పుట్టిన ఒక దళిత పిల్లవాడికి ఇంటి పేదరికం వల్ల చదువు ఆగిపోతే మిషనరీలు చదివించారు. ఆయన కడప మేత్రాసనంలో గురువయ్యారు, 2008లో కర్నూలు బిషప్పు అయ్యారు, ఆ తర్వాత హైదరాబాదు ఆర్చిబిషప్పు అయ్యారు. 2022 ఆగస్టు 27న రోములో కార్డినలు అయ్యారు. పూల ఆంథోని గారు తెలుగువారిలో మొదటి కార్డినలు. ఆనాడు లోకంలోని పత్రికలెన్నో మన సీమ బిడ్డ పేరు రాశాయి. ధాత కరువులో పేరు లేకుండా పోయిన జనం బిడ్డ పేరు అది.

అక్షరం మనకు వచ్చింది. ఇప్పుడు దానితో మనం ఏం చేస్తున్నాం?

మన చేతిలోని పత్రిక

ఈరోజు ప్రతి ఒక్కరి చేతిలో ఒక అచ్చుకూటం ఉంది. దానిని మనం ఫోను అంటున్నాం. చావరా గారు అరటి బోదె చెక్కి సంపాదించినది మనకు రీచార్జి వేయిస్తే వస్తోంది. సంఘం వాట్సాప్ గ్రూపులో తెల్లవారకముందే కబుర్లు పడతాయి. ఫలానా చోట గుడి కాల్చేశారని ఒక ఫొటో, ఫలానా తేదీ తర్వాత పింఛను రాదని ఒక మాట, ఈ ప్రార్థన పదిమందికి పంపకపోతే కీడు వస్తుందని ఒక బెదిరింపు. ఆ ఫొటో ఏ దేశానిదో, ఏ సంవత్సరానిదో ఎవరూ అడగరు. భయపడిన అవ్వ రాత్రంతా నిద్రపోదు. కోపం వచ్చిన కుర్రవాడు పక్క వీధివాళ్ల మీద పళ్లు నూరుతాడు. ఊరిలో హిందువులు, ముస్లిములు, మనం కలిసి ఒకే ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లం. ఒక అబద్ధపు కబురు చాలు, ఆ వరుస చెదిరిపోవడానికి.

నిర్గమకాండం 23వ అధ్యాయం మొదట్లోనే దేవుడు అబద్ధపు వార్తను మోయవద్దన్నాడు. పుట్టించినవాడిని మాత్రమే కాదు, మోసినవాడిని కూడా ఆయన అడుగుతాడు. లూకా గారు తన సువార్త ఎలా మొదలుపెట్టారో చూడండి. కళ్లారా చూసినవారిని అడిగి, మొదటి నుండి అన్నీ తరచి చూసి, వరుసగా రాశానని తెయొఫిలాకు చెబుతున్నారు. పరిశుద్ధాత్మ ప్రేరేపించినవాడే విచారించి రాస్తే, మనం విచారించకుండా పంపవచ్చా?

మంచి కబురు తెలియక పోగొట్టుకునేది కూడా తక్కువేమీ కాదు. పంట బీమాకు ఆఖరు తేదీ దాటాక తెలుస్తుంది. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు ముగిశాక తెలుస్తుంది. ఎక్కడో పత్రికలో నాలుగు రోజుల ముందే వచ్చి ఉంటుంది. మన ఇంట్లో చదివినవాడు లేడు, లేదా చదివినవాడు ఫోనులో వేరే ఏదో చూస్తున్నాడు.

కాబట్టి సంఘ పెద్దలతో కలిసి మేము ఒక చిన్న పని అనుకున్నాం. వచ్చే నెల నుండి పిడికెడు బియ్యం కానుకలో కొంత భాగంతో మందిరం వరండాలో ఒక తెలుగు దినపత్రిక వేయిస్తాం. సాయంత్రం ప్రార్థన తర్వాత మన యవ్వనస్తుల్లో ఒకరు పావుగంట పెద్దలకు చదివి వినిపిస్తారు. వాన, పంట, సర్కారు తేదీలు, బడి సంగతులు, లోకంలో కష్టాల్లో ఉన్నవారి వార్తలు. వాటికోసం అక్కడికక్కడే ప్రార్థన చేద్దాం. చదవడం రాని అవ్వలు కూడా కూర్చోవాలి. గ్రూపులో ఏదైనా భయపెట్టే కబురు వస్తే, దాన్ని ఇంకొకరికి పంపకముందు ఆ వరండాలో అడగండి. నిజమని తేలితే అందరం మోద్దాం. తేలకపోతే అక్కడే పాతిపెడదాం.

ఇది చాలా చిన్న పని. గుప్పెడు బియ్యం కూడా చిన్నదే. ఆ చిన్న గుప్పెడు కేరళ తల్లుల చేతుల్లో బడి అయింది, బడి నుండి చదువరులు వచ్చారు, ఆ చదువరులు ఒక పత్రికను వంద సంవత్సరాలకు పైగా నిలబెట్టారు. బళ్లారి నుండి బయలుదేరిన సత్యదూతను ఆనాడు మన గేరి అందుకోలేకపోయింది. ఈనాడు అందుకునే కళ్లు, చదివే గొంతు, నిలదీసి అడిగే బుద్ధి దేవుడు మన బిడ్డలకు ఇచ్చాడు.

ప్రార్థన చేద్దాం. సత్యస్వరూపివైన తండ్రీ, మా నాలుకలను, మా వేళ్లను అబద్ధం నుండి కాపాడు. మా ముందు తరాలకు అక్షరం నేర్పిన ఉపదేశులను బట్టి, బడికి బియ్యం తీసిపెట్టిన తల్లులను బట్టి నీకు స్తోత్రం. మా కబురు పొరుగువారికి చల్లని నీళ్లలా ఉండనివ్వు. మేము మోసే ప్రతి మాట నీ ముందు నిలవగలిగినది కానివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.